మామిడి మానులోంచి రంపపు పొట్టు రాలుతోంది, చెట్టు బతుకుతుందా?

గోదారిగట్టు_61
మా పెరట్లో మామిడి చెట్టుందండి. ఇరవై రెండేళ్ళ చెట్టు. నెల రోజుల నుంచి మాను చుట్టూ రంపపు పొట్టు లాంటిది పడుతోంది. పొద్దున్నే ఊడ్చేస్తే మర్నాటికి మళ్ళీ అంతే. నడుం ఎత్తులో రెండు బెజ్జాలున్నాయి, ఒకదాంట్లోంచి బంక కారుతోంది. తూర్పు వైపు కొమ్మ ఒకటి నిలువునా ఎండిపోయింది. మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. 2022 జూలై వరదలో పెరట్లో ఆరు రోజులు నీళ్ళు నిలిచాయి, అప్పట్నుంచే చెట్టు నీరసంగా ఉంది. ఆకులు తన డాబా మీద పడి తూములు పూడుతున్నాయని పక్కింటాయన కొట్టించెయ్యమంటున్నాడు. మందేదైనా ఉంటే చెప్పండి. కొట్టించమని మాత్రం చెప్పకండి.
నేను మాట్లాడితే ఫోనే టైపు చేస్తోంది, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

కడియం_మొక్కలోడు
కాండం తొలిచే పురుగండి అది. టెంక మొక్కా, అంటు మొక్కా? టెంక మొక్కయితే మందులకి పెట్టే డబ్బు దండగ. తీసేసి, వానలు పడ్డాక కొత్తపల్లి కొబ్బరో, పంచదార కలశమో మంచి మామిడి అంటు వేసుకోండి. మూడో ఏటో నాలుగో ఏటో కాయ తింటారు.

ఎటకారం_ఎంకట్రావు
కొట్టించమని చెప్పకండి మహాప్రభో అంటే మొదటి రిప్లైలోనే కొట్టించేశాడు. కడియం నర్సరీల వాళ్ళకి తలనొప్పి అని చెప్పినా మొక్క ఇచ్చి పంపిస్తారు.

కడియం_మొక్కలోడు
ఆయ్, మేం మొక్కలమ్ముకోక పూతరేకులమ్ముకుంటామా?

వ్యవసాయ_డిగ్రీ
కడియం తమ్ముడు పురుగు సరిగ్గానే చెప్పాడు, వైద్యమే తప్పు చెప్పాడు. పొడుగు మీసాల పెద్ద పెంకు పురుగు ఒకటుంటుంది. బెరడు పగుళ్ళలో, దెబ్బ తగిలిన చోట గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు మానులోకి దూరి నెలల తరబడి లోపలే తొలుస్తూ బతుకుతుంది. తెల్లగా, వేలంత లావుంటుంది. మీరు ఊడుస్తున్న పొట్టు దాని పనే. వరద నీళ్ళు నిలిచి వేరు దెబ్బతిన్న చెట్లంటే దానికి మరీ ఇష్టం. 2022లో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది కదా, 17 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అన్ని రోజులు వేళ్ళకి గాలి ఆడకపోతే ఏ చెట్టయినా నీరసపడుతుంది.

బెజ్జం చుట్టూ చాకుతో శుభ్రం చేసి, సైకిల్ చువ్వ కొస వంచి లోపలికి పోనిచ్చి లాగండి. పురుగు చిక్కితే సరే. చిక్కకపోతే కిరసనాయిల్లో ముంచిన దూది లోపలికి కూరి, బంకమట్టితో గట్టిగా మూసెయ్యండి. పాత పుస్తకాల్లో డైక్లోర్వాస్ అనే పురుగుమందు ఉంటుంది, అది 2020 చివరితో నిషేధించారు, ఎవరైనా అమ్మినా కొనొద్దు.
ఒక్కటి చెప్పండి. బెజ్జాలున్న చోట చెట్టుకి పాత దెబ్బేమైనా ఉందా? మేకు, తాడు, గొడ్డలి గాటు, ఏదైనా?

గోదారిగట్టు_61
ఇనప తీగ ఉందండి. మా అబ్బాయి బ్యాడ్మింటన్ నెట్టు కోసం కట్టాడు, ఇటు మామిడికి, అటు కొబ్బరి చెట్టుకి. కొబ్బరి వైపుది తుప్పు పట్టి ఊడిపోయింది. మామిడికి కట్టింది మాత్రం బెరడు మింగేసింది. ముందు వైపు జానెడు మేర కనబడుతుంది, మిగతాది లోపలే. బెజ్జాలు సరిగ్గా దాని కిందే ఉన్నాయి. తీగ తియ్యకుండా వైద్యం కుదురుతుందా?

వ్యవసాయ_డిగ్రీ
కుదరదండి. ఆకుల్లో తయారైన తిండి బెరడు లోపలి పొరలోంచే వేళ్ళకి దిగుతుంది. తీగ ఆ దారిని నొక్కేస్తోంది. పురుగుని చంపినా చెట్టు అలా ఎండుతూనే ఉంటుంది.

పేరూరు_పిల్ల
అంకుల్, ఈ ఆదివారం మీ అబ్బాయిని ఊరికి రమ్మనండి. కట్టినవాడే విప్పాలి, అదే పనిష్మెంట్ 😄

గోదారిగట్టు_61
వాడు లేడమ్మా. 2019లో పోయాడు. రావులపాలెం దగ్గర హైవే మీద బండి యాక్సిడెంట్.

పేరూరు_పిల్ల
అయ్యో అంకుల్. క్షమించండి, తెలియక అనేశాను.

గోదారిగట్టు_61
నువ్వేం తప్పనలేదమ్మా. నేనే చెప్పలేదు కదా. మందు అడగడానికి వచ్చి ఇదంతా ఎందుకని చెప్పలేదు.

ఎటకారం_ఎంకట్రావు
నా పై పోస్టు తీసెయ్యమంటారా సార్?

గోదారిగట్టు_61
వద్దు బాబూ, ఉండనీ. చదివి నవ్వాను.

ఎలాగూ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2003 పుష్కరాల ఏడాది వేసవిలో వాళ్ళ అమ్మమ్మగారింట్లో కొత్తపల్లి కొబ్బరి కాయ తిని, టెంక నిక్కరు జేబులో పెట్టుకుని తెచ్చాడు. అప్పుడు వాడు నాలుగో క్లాసు. జేబంతా రసం, చీమలు. వాళ్ళమ్మ చావగొట్టింది. నూతి పక్కన పాతి, రోజూ పొద్దున్నే తవ్వి చూసేవాడు, మొలిచిందా లేదా అని. అలా తవ్వి చూస్తే మొలవదురా అన్నా వినేవాడు కాదు. అయినా మొలిచింది.

ఎనిమిదేళ్ళకి కాపుకొచ్చింది. చూస్తే పీచు కాయ. పండినా పులుపే. కొత్తపల్లి కొబ్బరి టెంక పెడితే ఇదేంటి నాన్నా, మోసం కదా అన్నాడు. టెంక మొక్కకి తల్లి పోలిక రాదురా అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, నాకు మీ పోలిక వచ్చింది కదా అన్నాడు. కడియం బాబు టెంక మొక్క దండగ అన్నప్పుడు అదే గుర్తొచ్చింది. ఆయన అన్నది నిజమే, ఈ కాయ ఊరగాయకి తప్ప పనికిరాదు.

నేను ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలవల కాపలా పని, చేసి రిటైరయ్యాను. పొద్దున లేచి గట్టు మీదికెళ్ళి కాలవలో నీటి మట్టం చూడకపోతే ఇప్పటికీ తోచదు. మా ఆవిడ వాడి మాట ఎత్తదు. ఎత్తితే నేనే ఎత్తాలి. కానీ ఆ పొట్టు మాత్రం రోజూ తనే ఊడుస్తుంది, నన్ను చీపురు పట్టనివ్వదు. చెట్టుకి పురుగు పట్టిందని నాకు చెప్పింది కూడా తనే. ఆ నెల రోజుల్లో మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకున్నది పురుగు గురించేనేమో.

రాజోలు_రత్తమ్మ
మా అమ్మాయి 2014లో డెంగ్యూతో పోయింది. పదహారేళ్ళు. దానికి కనకాంబరాలంటే పిచ్చి. ఇంటిముందు ఒక మడి వేసింది.

అది పోయిన ఏడాది ఆ మొక్కల్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. మనిషి లేదు, ఇవి మాత్రం నవనవలాడుతూ పూస్తున్నాయేంటని. కూలి మనిషిని పెట్టి వేళ్ళతో సహా పీకించేశాను. జూన్‌లో తొలకరి పడిన రోజు వీధి అరుగు మీద కూర్చున్నాను. ఎవరో చిటికెలు వేస్తున్నట్టు టప్ టప్ మని ఒకటే చప్పుడు. కనకాంబరం కాయలు ఎండి నేల మీద పడుంటాయి కదా, నీటి చుక్క తగిలితే పేలి గింజల్ని దూరంగా విసురుతాయి. పదిహేను రోజుల్లో మడి సంగతి సరే, మెట్ల సందుల్లో, కాలవ పక్కన, తులసికోటలో, అంతా మొలకలే. మళ్ళీ పీకలేదు. పదకొండేళ్ళయింది, నేనుగా ఒక్క మొక్క కూడా నాటలేదు.

ఇప్పుడు నా గొడవేంటంటే రెండేళ్ళుగా మొక్కలు ఉన్నట్టుండి వడలిపోతున్నాయి. పీకి చూస్తే వేళ్ళకి పూసల్లా బుడిపెలున్నాయి. డిగ్రీ బాబూ, అన్నగారి పని అయ్యాక నాక్కూడా కాస్త చెప్పు.

వ్యవసాయ_డిగ్రీ
నులిపురుగులమ్మా. కంటికి కనబడవు, వేళ్ళలో చేరి బుడిపెలు కట్టిస్తాయి. ఆ దెబ్బలోంచే ఎండు తెగులు కూడా దూరుతుంది. మడిలో అక్కడక్కడా బంతి వెయ్యండి, బంతి వేళ్ళంటే వాటికి పడదు. వడలిన మొక్కల్ని అక్కడే వదలకుండా వేళ్ళతో పీకి కాల్చెయ్యండి. వేప పిండి కలపండి. మెట్ల సందుల్లో మొలిచినవి బాగున్నాయా?

రాజోలు_రత్తమ్మ
అవే బాగున్నాయి. మడిలోవే పోతున్నాయి.

వ్యవసాయ_డిగ్రీ
అయితే ఆ మట్టిలోనే ఉంది జబ్బు. ఈ ఏడాది మడికి కనకాంబరం మాన్పించి బంతి ఒక్కటే వెయ్యండి. మెట్ల దగ్గర కాయలు ఎండనిచ్చి దాచుకోండి.

కూకట్‌పల్లి_కోనసీమోడు
అందరూ ఒకటే మాట మీదున్నారు కాబట్టి రెండో మాట నేను చెబుతా. మా చిన్నోడు పోయాక ఊళ్ళో ఇల్లు అమ్మేశాం. వాడు ఎక్కి ఆడుకునే జామ చెట్టుని అమ్మకానికి ముందే నేనే దగ్గరుండి కొట్టించేశా. కొన్నవాళ్ళు ఎప్పుడో కొట్టారని వినడం నావల్ల కాదని. పదకొండేళ్ళయింది. తప్పు చేశానని ఒక్క రోజు కూడా అనిపించలేదు.

రాజోలు_రత్తమ్మ
మీకు అనిపించలేదంటే మంచిదే. ఆయన కొట్టించమని చెప్పకండి అని మొదటే రాశారు కదా, మళ్ళీ ఎందుకు?

కూకట్‌పల్లి_కోనసీమోడు
కొట్టించమనడం లేదమ్మా. రేపు దూది పెట్టి, మట్టి పూసి, అన్నీ చేశాక కూడా చెట్టు పోయిందనుకోండి. ఇరవై రెండేళ్ళ చెట్టు, లోపల ఎంత తొలిచేసిందో ఎవడికి తెలుసు? అప్పుడు ఈయనేమైపోతాడు? చెట్టు లేకుండా కూడా పదకొండేళ్ళు గడిచాయని చెప్పేవాడు ఒకడుండాలి కదా.

గోదారిగట్టు_61
మీరు చెప్పినదానికి నాకు కోపం రాలేదండి. రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపయ్యాక, జామ చెట్టయితే మొదలు నుంచి మళ్ళీ చిగురేస్తుంది కదా అంది.

కూకట్‌పల్లి_కోనసీమోడు
వేస్తుందండి. మొదలు తవ్వించలేదు నేను. ఇప్పుడుందో లేదో తెలీదు.

వాస్తు_వరాహం
చనిపోయిన సంతానం చేతి చెట్టు ఇంట్లో ఉంచుకోకూడదు. దోషం. తూర్పు కొమ్మ ఎండడమే సూచన. శాంతి చేయించి తీసెయ్యండి.

ఎటకారం_ఎంకట్రావు
వరాహంగారూ, తూర్పు కొమ్మ ఎండడానికి కారణం తూర్పు వైపు బెజ్జంలో తెల్లగా వేలంత లావుంది. దానికి మీరు శాంతి చేయించండి, మేం చువ్వ పట్టుకుంటాం.

వాస్తు_వరాహం
పెద్దలు చెప్పిన మాటలు ఎగతాళి చెయ్యకండి.

రాజోలు_రత్తమ్మ
ఏ పెద్దలు బాబూ? మా అమ్మాయి పోయినప్పుడు నాకూ చాలామంది చాలా చెప్పారు. గుమ్మం మార్చమని ఒకరు, ఇల్లు ఖాళీ చెయ్యమని ఒకరు. చెప్పినవాళ్ళలో ఒక్కరూ సంవత్సరీకానికి మళ్ళీ గడప తొక్కలేదు.

వేదిక_కాపలా
వాస్తు చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ తిట్టుకోండి. ఇక్కడ చెట్టు గురించి మాత్రమే.

ఆవకాయ_అత్త
పక్కింటాయన తరఫున ఒక్క మాట. తూములు పూడితే శ్లాబు మీద నీళ్ళు నిలిచి ఉరుస్తుంది. ఆయన బాధా బాధే. కాయలు కోశాక ఆయన వైపు కొమ్మలు కాస్త కురచ చేయించండి. అప్పుడు చెట్టుకీ బరువు తగ్గుతుంది. మరో సంగతి, పీచుండి పండినా పులుపు తగ్గని కాయ అన్నారు చూడండి, అసలైన ఆవకాయకి అదే కావాలి. దండగ అన్నవాళ్ళకి నా జాడీలోంచి ముక్క పెట్టను.

గోదారిగట్టు_61
కురచ చేయిస్తానండి. పక్కింటాయన మంచివాడే. ఆ రాత్రి ఫోనొస్తే తన కారు తీసింది ఆయనే, ఆస్పత్రి దగ్గర తెల్లవార్లూ నాతో ఉన్నది ఆయనే. అందుకే ఆకుల గురించి ఆయన గట్టిగా అనడు, నేనూ గట్టిగా బదులివ్వను. ఇద్దరం గోడ దగ్గర నిలబడి కాసేపు వాన గురించి మాట్లాడుకుని ఎవరింట్లోకి వాళ్ళం పోతాం.

పేరూరు_పిల్ల
అంకుల్, ఒకటి అడగొచ్చా? మా పెద్దమ్మ కొడుకు పోయినేడు పోయాడు. ఎవరైనా మీకెంతమంది పిల్లలు అని అడిగితే ఆవిడ తడబడిపోతుంది. మాకేం చెయ్యాలో తెలీట్లేదు. మీరేం చెబుతారు?

గోదారిగట్టు_61
నేను ఇద్దరంటానమ్మా. అబ్బాయేం చేస్తాడంటే, లేడని చెబుతాను. అడిగినవాళ్ళు ఇబ్బంది పడతారు, పడనీ. మా ఆవిడ ఒక అమ్మాయి, విశాఖలో ఉంది అంటుంది. అలా అన్న రోజు ఇంటికొచ్చి అన్నం తినదు. బియ్యం కార్డులో వాడి పేరు తీయించడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను, తనకి చెప్పలేదు. కార్డు చూసుకుని తెలుసుకుంది. ఇప్పటికీ అప్పుడప్పుడు సోలెడు బియ్యం ఎక్కువ పోస్తుంది, మర్నాడు కోళ్ళకి వేస్తుంది. ఎందుకు పోశావని నేనడగను. మీ పెద్దమ్మ పక్కన నువ్వుంటే, ఆవిడ ఏ లెక్క చెబితే ఆ లెక్కకే తలూపు.

రాజోలు_రత్తమ్మ
అవును. సరిదిద్దకు.

కడియం_మొక్కలోడు
లస్కరుగారూ, మొదట్లో నేనన్న దానికి ఏమీ అనుకోకండి. ఒక మాట. వానలు మొదలయ్యాక ఆ చెట్టు కొమ్మలు నాలుగు పంపించండి, నాలుగైదు నెలల వయసు కొమ్మలు, పెన్సిలంత లావువి. కోసే ముందు పది రోజులు ఆకులు తుంచేసి, కాడలు వదిలెయ్యండి. టెంక మొక్కల మీద అంటు కట్టి ఇస్తాను. డబ్బులొద్దు. అప్పుడు మాను పోయినా చెట్టు పోదు, అంటు మొక్కకి తల్లి పోలిక అచ్చుగుద్దినట్టు వస్తుంది.

ఎటకారం_ఎంకట్రావు
పుల్లటి పీచు మామిడికి అంటు కట్టడం కడియం చరిత్రలో ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

కడియం_మొక్కలోడు
మా ఓనరు చూస్తే నన్ను గోదాట్లో కలిపేస్తాడు. రాత్రి కడతాను.

కూకట్‌పల్లి_కోనసీమోడు
అంటు కడితే అదే చెట్టు అవుతుందా? కొమ్మ మటుకే కదా దానిది, వేళ్ళు వేరే టెంకవి.

వ్యవసాయ_డిగ్రీ
కాయ, ఆకు అదే. వేళ్ళు వేరు. అదే చెట్టా అంటే అది నా సబ్జెక్టు కాదు.

గోదారిగట్టు_61
కొమ్మలు పంపిస్తాను బాబూ. ముందు ఈ మాను సంగతి చూద్దాం. చెట్టుకి బోర్డు పేస్టు రాయాలని ఎవరో చెప్పారు. అంటే బోర్డు మీద రాసేదా? షాపులో అడిగితే నవ్వాడు.

వ్యవసాయ_డిగ్రీ
ఫోను తప్పు విందండి, బోర్డో పేస్టు. కొనక్కర్లేదు, ఇంట్లోనే కలుపుకోవచ్చు. మీ ఒక్క చెట్టుకి నూరు గ్రాముల మైలతుత్తం (కాపర్ సల్ఫేట్), నూరు గ్రాముల సున్నం, లీటరు నీళ్ళు చాలు. రెండూ సగం సగం నీళ్ళలో వేరువేరుగా కలిపి, తర్వాత ఒకచోట పొయ్యండి. ఇనప బకెట్టు వద్దు, ప్లాస్టిక్కో కుండో వాడండి. చాకు మొన ముంచి తీస్తే రాగి రంగు పట్టిందంటే ఇంకాస్త సున్నం కలపాలి. కోసిన చోట, గాయం చుట్టూ బ్రష్‌తో రాయండి.

తీగ సంగతి జాగ్రత్త. మొత్తం లాగెయ్యాలని బెరడు తవ్వకండి, అది ఇంకా నష్టం. బయటికి కనబడే చోట కటింగ్ ప్లేయర్‌తో ముక్కలు చెయ్యండి. తేలిగ్గా వచ్చినంత లాగండి, రానిది చెట్టులోనే ఉండనివ్వండి. చుట్టు తెగితే బిగువు పోతుంది, అంతే కావాలి.

గోదారిగట్టు_61
రానిది లోపలుంటే పరవాలేదా?

వ్యవసాయ_డిగ్రీ
పరవాలేదు.

ఆవకాయ_అత్త
కొబ్బరి చెట్టు మాట ఎవరూ అడగలేదేంటి? అదీ ఆ పెరట్లోదే కదా. దాని ఆకులెలా ఉన్నాయి?

గోదారిగట్టు_61
ఆకుల మీద నల్లగా మసి పట్టిందండి. కింద తెల్లగా దూది పింజల్లా ఉంది. ఊరంతా అలాగే ఉందని పట్టించుకోలేదు.

వ్యవసాయ_డిగ్రీ
సర్పిలాకార తెల్లదోమ. దాని తేనె జిగురు మీద మసి బూజు పెరుగుతుంది. రసాయన మందు కొట్టకండి, ఆ దోమని తినే చిన్న కందిరీగలు చచ్చిపోతాయి. పల్చటి గంజి పిచికారీ చేస్తే మసి పొరలా ఎండి ఊడిపోతుంది. పైపుతో ఆకుల కింద నీళ్ళు గట్టిగా కొట్టినా తగ్గుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మీకు దగ్గరే, ఒక ఆకు ముక్క పట్టుకెళ్ళి చూపించండి.

ఎటకారం_ఎంకట్రావు
గంజి చెట్టుకి, అన్నం కోళ్ళకి. లస్కరుగారింట్లో మనిషికేం మిగులుతుందండి?

గోదారిగట్టు_61
పులుసు మిగులుతుంది బాబూ, గోదారి జిల్లా కదా.

గోదారిగట్టు_61
పన్నెండు రోజులు కనబడలేదు, ఏమీ అనుకోకండి. పని అయింది. చెబుతాను.

ఆదివారం పొద్దున మొదలెట్టాం. పక్కింటాయన నిచ్చెన, ప్లేయరు పట్టుకుని తనే వచ్చాడు. మొదటి బెజ్జంలో చువ్వ జానెడు లోతు దిగింది, పురుగు చిక్కింది. వేలంత కాదండి, బొటనవేలికి పైనే ఉంది. కోడిపెట్ట ఎత్తుకుపోయింది, వెనకాల మిగతావి పరుగు. రెండో దాంట్లో చిక్కలేదు, దూది కూరి బంకమట్టి మెత్తాం.

తర్వాత తీగ. కనబడే జానెడు మేర తుప్పు గీకితే ముడి బయటపడింది. రెండు కొసలూ మెలేసి, మొనలు మాను వైపుకి వంచేసి ఉన్నాయి. ఎందుకలా వంచాడో నాకు తోచలేదు. అప్పటిదాకా దూరంగా నిలబడ్డ మా ఆవిడ వచ్చి వేలు పెట్టి చూసింది. నెట్టు కట్టిన రోజు ఆ మొన తగిలి నా నేత చీర చిరిగింది, తిట్టాను, సాయంత్రానికి వంచేశాడు అంది. ఆరేళ్ళలో వాడి గురించి తనంతట తను అన్న మాట అది. పక్కింటాయన ప్లేయరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మూడు చోట్ల కోశాం. రెండు ముక్కలు వచ్చాయి. వెనక వైపుది రాలేదు, డిగ్రీ బాబు చెప్పినట్టు వదిలేశాం. ముడి ఉన్న ముక్క మా ఆవిడ మేకుల డబ్బాలో వేసింది. బోర్డో పేస్టు నీలంగా బాగానే కుదిరింది, నాకూ కోడిపెట్టకీ కూడా అంటుకుంది. పక్కింటాయన వైపు కొమ్మలు రెండు కురచ చేయించాను.

పేరూరు_పిల్ల
అంకుల్ 🙏 ఆంటీని అడిగానని చెప్పండి.

కూకట్‌పల్లి_కోనసీమోడు
బాగా చేశారు. పోయిన వారం పని మీద ఊరెళ్ళాను. మా పాత ఇంటి గోడ పక్కనుంచి తొంగి చూశా. అక్కడ కారు షెడ్డు కట్టారు.

రాజోలు_రత్తమ్మ
బంతి వేశాను డిగ్రీ బాబూ. మొలిచింది. కూకట్‌పల్లి తమ్ముడూ, ఈసారి వస్తే రాజోలు వైపు రా, భోంచేసి వెళ్ళు.

ఆవకాయ_అత్త
కాయలు వచ్చే ఏడాది నాకే చెప్పి ఉంచండి లస్కరుగారూ. వంద కాయలు. ధర మీరు చెప్పిందే.

గోదారిగట్టు_61
ధరేంటమ్మా, కోసుకుపొండి. ఒక సందేహం డిగ్రీ బాబూ. అయిదు రోజులు చెట్టు కింద శుభ్రంగా ఉంది. నిన్న పొద్దున మళ్ళీ చిటికెడు పొట్టు కనబడింది. కొత్తదా, పాతదే బెరడు సందుల్లోంచి రాలిందా?

వ్యవసాయ_డిగ్రీ
చూసి చెప్పలేనండి. శుభ్రంగా ఊడ్చేసి, రాత్రి మాను చుట్టూ పాత న్యూస్‌పేపర్లు పరవండి. పొద్దున పేపరు మీద తడిగా, లేత రంగులో పడితే కొత్తది. ఎండిపోయి గోధుమ రంగులో ఉంటే పాతది.

గోదారిగట్టు_61
పరిచామండి. గాలికి ఎగరకుండా మా ఆవిడ నాలుగు వైపులా ఇటుకలు పెట్టింది. పొద్దున చెబుతాను.